టాటూ దుకాణాలు: లైసెన్సు గదికే, సూదికి కాదు

కృష్ణా డెల్టా దిగువన పచ్చబొట్టు కొత్త సంగతి కాదు. తిరనాళ్లకు వెళ్లి మోచేతి మీద పేరో, నుదుట చుక్కో పొడిపించుకొచ్చిన అమ్మమ్మలు చాలా ఇళ్లలో ఉన్నారు. ఇప్పుడు అదే పని ఏసీ గదిలో, కరెంటు మిషనుతో, ఇన్‌స్టాగ్రామ్ పేజీతో సాగుతోంది. దీనికి అనుమతి ఎవరిస్తారు, తనిఖీ ఎవరు చేస్తారు, ఏదైనా జరిగితే ఎవరిని అడగాలి అంటే మాత్రం తలో మాట చెబుతారు. ఆ మాటల్లో ఏది నిజమో చూద్దాం.

అపోహ: గోడకు లైసెన్సు తగిలించి ఉంటే ప్రభుత్వం అన్నీ పరీక్షించినట్టే.

వాస్తవం: టాటూ వృత్తి కోసమే చేసిన ప్రత్యేక చట్టం కేంద్రంలో లేదు, ఆంధ్రప్రదేశ్‌లోనూ లేదు. గోడ మీద కనిపించేది ఏ దుకాణమైనా తీసుకునే ట్రేడ్ లైసెన్సు. బందరులో దాన్ని నగరపాలక సంస్థ ఇస్తుంది, గుడివాడలో మున్సిపాలిటీ ఇస్తుంది. దాని పక్కనే కార్మిక శాఖ రిజిస్ట్రేషన్ పత్రం ఉండవచ్చు. అది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద వచ్చేది. పనివేళలు, సెలవులు, జీతాల సంగతి చూస్తుంది. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నంబరు కూడా ఉండాలి. ఈ మూడింటిలో ఏదీ సూది పట్టినవాడికి పని వచ్చా అని అడగదు, సిరా సీసా మూత తీసి చూడదు. ‘సర్టిఫైడ్ ఆర్టిస్ట్’ అని ఫ్రేము కట్టించిన కాగితం ప్రైవేటు శిక్షణ సంస్థ ఇచ్చిందే తప్ప సర్కారు ఇచ్చింది కాదు.

అపోహ: ప్రత్యేక చట్టమే లేనప్పుడు అడిగేవాడూ లేడు.

వాస్తవం: ఉన్న చట్టాలే గట్టిగా పట్టుకోగలవు. ప్రాణాంతక వ్యాధి వ్యాపించే అవకాశం ఉన్న పనిని నిర్లక్ష్యంగా చేస్తే భారతీయ న్యాయ సంహిత 271వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, జరిమానా పడవచ్చు. 2024 జులై 1కి ముందు ఇదే నేరం ఐపీసీ 269 కింద ఉండేది. నొప్పి తెలియకుండా మత్తు ఇంజెక్షన్ ఇస్తామంటే అది వైద్యం. డాక్టరు కానివాళ్లు చేయకూడదు. లేజరుతో టాటూ తీయించుకోవడానికీ చర్మవైద్యుడి దగ్గరికే వెళ్లాలి.

అపోహ: ఈ నిబంధనలు పట్నాలకే. పల్లెల్లో, జాతరల్లో ఎవరి ఇష్టం వాళ్లది.

వాస్తవం: అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు మున్సిపాలిటీ లేకపోయినా పంచాయతీ ఉంది. ప్రజల ఆరోగ్యానికి హాని కలిగించే వ్యాపారాలను అదుపు చేసే అధికారం పంచాయతీరాజ్ చట్టం దానికి ఇచ్చింది. హంసలదీవిలో మాఘ పౌర్ణమికి, బందరు చిలకలపూడిలో పాండురంగస్వామి కార్తిక ఉత్సవాలకు వేల జనం చేరతారు. అలాంటి తిరనాళ్లలో బ్యాటరీ మిషను పట్టుకుని కూర్చున్నవాడు ఒకే సూదితో, ఒకే సిరా గిన్నెతో పదిమందికి పొడిస్తే ప్రమాదం దుకాణంలో కన్నా ఎక్కువే. మర్నాటికి అతను ఏ ఊళ్లో ఉంటాడో ఎవరికీ తెలియదు, ఫిర్యాదు చేయడానికి చిరునామా ఉండదు.

అపోహ: కొత్త సూది వేస్తే చాలు, ఇంక భయం లేదు.

వాస్తవం: కొత్త సూది తప్పనిసరి, కానీ అదొక్కటే చాలదు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. అందుకే మిషను పిడి, సిరా గిన్నె, చేతి తొడుగులు, తుడిచే గుడ్డ అన్నీ లెక్కలోకి వస్తాయి. స్పిరిటుతో తుడవడం, వేడినీళ్లలో మరిగించడం పూర్తి శుద్ధి కాదు. మళ్లీ వాడే లోహపు భాగాలను ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచాలి.

సిరా సంగతి వేరే. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, రోచెస్టర్‌లో 2011 చివర్లో టాటూ వేయించుకున్న 19 మందికి చర్మవ్యాధి సోకింది. సూదుల్లో తప్పు లేదు; తయారీ దగ్గరే కలుషితమైన బూడిదరంగు సిరాలో బ్యాక్టీరియా ఉంది. యూరప్ 2022 జనవరి నుంచి టాటూ సిరాల్లో వేల రసాయనాలకు పరిమితులు పెట్టింది. మన పక్క రాష్ట్రం కర్ణాటక 2025లో సిరా నమూనాల్లో హానికర లోహాలు బయటపడ్డాక నియంత్రణ తెమ్మని కేంద్రాన్ని కోరింది.

వాడేసిన సూదిని కవర్లో చుట్టి చెత్తబండిలో వేస్తే అది పారిశుద్ధ్య కార్మికురాలి చేతికి గుచ్చుకుంటుంది. గుచ్చుకోని గట్టి డబ్బాలో వేసి విడిగా అప్పగించాలి.

అపోహ: కుర్రాడు అడిగాడు, డబ్బిచ్చాడు. వయసుతో పనేముంది?

వాస్తవం: బ్రిటన్‌లో 18 ఏళ్ల లోపువారికి టాటూ వేయడం 1969 నుంచే నేరం. మన దగ్గర టాటూకు ఇంత వయసు ఉండాలని విడిగా రాసిన చట్టం లేదు. అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు సంతకం చెల్లదు. పదో తరగతి పిల్లాడి చేత అంగీకార పత్రం రాయించుకున్న దుకాణదారుకు ఆ కాగితం ఎందుకూ అక్కరకు రాదు.

అపోహ: ‘ఏం జరిగినా నాదే బాధ్యత’ అని సంతకం పెట్టాక ఇక నోరెత్తలేం.

వాస్తవం: ఆ సంతకం నిర్లక్ష్యాన్ని మాఫీ చేయదు. డబ్బు తీసుకుని చేసిన పని సేవే. అందులో లోపం ఉంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు. ముందు సలహా కావాలంటే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. దుకాణం శుభ్రత మీద ఫిర్యాదు ఉంటే మున్సిపల్ కమిషనరుకో, పంచాయతీ కార్యదర్శికో రాసివ్వాలి. అక్కడ కదలిక లేకపోతే బందరు కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది.

అపోహ: టాటూ ఉంటే ఆర్మీలో తీసుకోరు, రక్తం ఇక ఎప్పటికీ ఇవ్వకూడదు.

వాస్తవం: మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలివైపు, అరచేతి వెనకవైపు శాశ్వత టాటూను ఆర్మీ ఒప్పుకుంటుంది, మెడ మీదో భుజం మీదో ఉంటే అభ్యర్థిని పక్కన పెడుతుంది. గిరిజనులకు వారి ఆచారాన్ని బట్టి మినహాయింపు ఉంది. రక్తదానానికి 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం 12 నెలలు ఆగితే చాలు.

ప్రత్యేక చట్టం వచ్చేదాకా తనిఖీ అధికారి పని చెయ్యి చాపినవారే చేసుకోవాలి. సూది ప్యాకెట్ మీ కళ్లముందే చించమనండి. సిరాను కొత్త గిన్నెలోకి ఒంపమనండి. సీసా మీది తేదీ, బ్యాచి నంబరు ఫోన్లో ఫొటో తీసుకోండి. చివర్లో బిల్లు అడగండి. రేపు కమిషన్ ముందు నిలబడాల్సి వస్తే మొదట అడిగేది అదే. బిల్లు ఇవ్వనన్న దుకాణంలో కుర్చీ ఎక్కకండి.