వీధి అరుగు లేని ఊరు

మా తాటిపాకలో, మా యింటికి నాలుగిండ్ల యవతల నొక మామ్మగారు కలరు. కుమారు లిరువురును దూరదేశములందున్నారు, ధనమునకు లోటులేదు. గతమాసమున నామె జ్వరముతో రెండు దినములు మంచము పట్టియుండగా, పనికత్తెయు రాకుండుటచే నా సంగతి వీధిలో నెవ్వరికిని దెలియలేదు. మూడవనాడు పాలవాడు చెప్పగా నేను పోతిని. "మాటాడక నా గొంతు నాకే క్రొత్తయైనదమ్మా!" యని యామె యనగా సిగ్గుపడితిని.

పూర్వ మిట్లు జరుగుట యరుదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన పిదప, గన్నవరము అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి వచ్చిన కాలువనీరు పొలములనే కాదు, స్త్రీల స్నేహములనుగూడ పెంచినది. పురుషులకు రచ్చబండ యెట్లో స్త్రీలకు కాలువరేవట్లు. ఒకపూట రేవునకు రాని ముదుసలిని గూర్చి మరుపూట పదిమంది విచారించెడివారు. ఇప్పుడు కుళాయి పెరటిలోనికి, పింఛను గుమ్మము కడకు వచ్చినవి. మంచిదే, బిందెమోత మరల రావలెనని మోసినవా రెవ్వరును కోరరు. కాని పనితోపాటు బయటికి వచ్చు నెపమును పోయినది. అరుగులున్నచోట ప్రహరీగోడలు లేచినవి.

ఆరుగురిలో నొకరు ఒంటరితనముచే బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి 2025వ సంవత్సరపు నివేదిక చెప్పుచున్నది. జింబాబ్వే దేశమున డిక్సన్ చిబాండా యను మానసిక వైద్యుడు 2006లో నొక పద్ధతి నారంభించెను. వైద్యశాలల వెలుపల కొయ్యబల్లలు వేయించి, శిక్షణ పొందిన అవ్వలను కూర్చుండబెట్టి, దిగులుపడినవారితో మాటాడించెను. అచ్చట అవ్వ యొకరి దయకు పాత్రురాలు కాదు, పని గలది.

ఆ భేదమే ముఖ్యము. వృద్ధులకని ఊరిచివర గదికట్టి తాళము వేసిన ఫలమేమి? పాఠశాల గోడవెంబడియో, కోవెలదారిలోనో, పదిమంది నడచుచోట నొక అరుగు చాలును. పాతకాలపు అరుగు మోకాళ్లనొప్పులవారి కెత్తు, అడుగున్నరకు మించరాదు. వీపున కానుడు, లేచునపుడు పట్టుకొనుటకు కమ్మి యుండవలెను. మెట్లు వలదు, వాలుదారి మేలు. వరుసగా గాక యెదురెదురుగా కట్టినచో వినికిడి తగ్గినవారు పెదవులు చూచి మాట గ్రహింతురు. మన వానలకు పెంకులకప్పు కావలెను. సమీపమున మరుగుదొడ్డి లేనిచో ముసలమ్మలు రారు. ఈ మాట కొలతలు వేయు పురుషులకు మనమే చెప్పవలెను.

మా వారు పాఠశాలగోడ వెలుపలి స్థలమునకై పంచాయతీవారికి విన్నపము వ్రాసినారు. మామ్మగారితో చెప్పితిని. "ఊరక కూర్చుండుటకు నేను రాను, విస్తళ్లు కుట్టుకొనుచు కూర్చుందును" అనినది. ఆకులు తెచ్చు పని నాది.