డిస్కు గోల్ఫు ఆటబయలు - గుణదోష విచారము



ఊరుమ్మడి స్థలమున ఒక ఆటబయలు ఏర్పడినప్పుడు అది మంచిదా కాదా యని నిర్ణయించుట యెట్లు? ఆడువారి నడిగినచో ఆటలోని రుచిని జెప్పుదురు. చెంతనున్న యిండ్లవారి నడిగినచో గోలను గూర్చి చెప్పుదురు. ఈ రెండును సాక్ష్యములే గాని తీర్పులు కావు. తీర్పు చెప్పవలసిన పెద్దలకు ఒక క్రమము కావలెను. ఆ క్రమము నొక యుదాహరణముతో వివరించుట నేటి ప్రసంగోద్దేశము.

ఉదాహరణమునకు డిస్కు గోల్ఫు అను ఆటను, దానికై ప్రపంచమున మొట్టమొదట స్థిరముగా నేర్పడిన బయలును గైకొందును. అది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, లాస్ ఏంజలెస్ నగరమునకు ఉత్తరముగా, పాసడీనా పట్టణము చెంత, పర్వతపాదమున నున్నది. బిడ్డలయొద్ద కొన్ని మాసములు గడపుటకై అమెరికా పోయివచ్చు మన పెద్దలలో పలువురు ఆ దేశపు తోటలలో చెట్లనడుమ ఇనుపగొలుసులు వ్రేలాడు గంపలను జూచి, ఇవి యేమిటికో యని విస్తుపోయి యుందురు. ఆ గంపలే యీ ఆటకు లక్ష్యములు.

ముందుగా ఆట యెట్టిదో తెలియవలెను. ఆడువాడు చేతబట్టునది ప్లాస్టిక్ బిళ్ళ. చూచుటకు చిన్న పళ్ళెమువలె నుండును. దాని యడ్డుకొలత 21 సెంటీమీటర్లకు తగ్గరాదు. బరువు 200 గ్రాములకు మించరాదు. ఒక నిర్ణీతమైన తిన్నెపై నిలిచి ఆ బిళ్ళను దూరమున నున్న గంపవైపునకు విసరవలెను. పడిన చోటికి నడచిపోయి అచ్చటినుండి మరల విసరవలెను. ఇట్లు గంపలో పడువరకును విసరి, ఎన్ని విసరులు పట్టినవో లెక్కించుకొందురు. ఒక బయలునందు 9 గాని 18 గాని యిట్టి గంప లుండును. అన్నియు ముగియునప్పటికి ఎవని లెక్క తక్కువయో వాడు గెలిచెను. గంప అంచు నేలకు 82 సెంటీమీటర్ల యెత్తున, అనగా రమారమి నడుముదాక నుండును. పైనుండి వ్రేలాడు గొలుసులు బిళ్ళ వేగము నణచి గంపలో పడవేయును.

బంతితో ఆడు గోల్ఫునకు 100 ఎకరములకు మించిన నేలయు, నిత్యము నీరు గోరు పచ్చికయు, విస్తారమైన ధనమును వలయును. ఈ బిళ్ళయాటకు 20, 30 ఎకరముల చెట్లతోపు చాలును. పచ్చిక అక్కరలేదు. ఒకటి రెండు బిళ్ళలున్నచో పేదవాడును ఆడవచ్చును. ముసలివారును బాలురును కలసి ఆడవచ్చును. అందుచేతనే యీ ఆట సాధారణముగా సర్వజనుల తోటలలో నేర్పడినది. ఈ లాభమునుండియే దాని చిక్కులును బుట్టినవి. ఏలయనగా, సర్వజనుల తోటలో నాడువాడే కాక నడచువాడును ఉండును.

ఇక నా మొదటి బయలి చరిత్ర. ఎడ్ హెడ్రిక్ అను నాతడు బొమ్మలును ఆటవస్తువులును చేయు వామ్-ఓ సంస్థయందు పనిచేసి, ఎగిరెడు బిళ్ళ నిలుకడగా పోవుటకై దాని పైభాగమున గీతలవంటి వరుసల నమర్చి, 1967లో దానికి పేటెంటు పొందెను. ఆతడే 1975లో ఓక్ గ్రోవ్ అను తోటలో ఈ బయలును రూపొందించెను. తొలుత లక్ష్యములుగా నుంచినవి ఒట్టి స్తంభములు. బిళ్ళ స్తంభమునకు తగిలెను, తగులలేదు అను తగవు పుట్టుచుండుటచే గొలుసుల గంపను కల్పించిరి. దానికి 1977లో పేటెంటు లభించెను. గంపలో బిళ్ళ కనబడుచుండగా ఇక వాదమునకు తావు లేదు గదా! ఆ తోట యిప్పుడు హహమోంగ్నా యను పేర పిలువబడు విశాలమైన వనములో నొక భాగము. అది ఆ ప్రాంతపు ఆదివాసులగు తోంగ్వా ప్రజల మాట.

బయలును పరీక్షింప బూనినవాడు బిళ్ళ నడకను దెలిసియుండవలెను. కుడిచేతివాడు సాధారణముగా బిళ్ళను రొమ్మున కడ్డముగా దెచ్చి వెలుపలికి విసరును. అప్పుడది, పైనుండి చూచినచో, గడియారపు ముల్లు తిరుగు దిక్కుననే తిరుగుచు పోవును. వేగము తగ్గినకొలదిని గాలి బిళ్ళ ముందరిభాగమును పైకెత్త జూచును. కాని తిరుగుచున్న బొంగరమును ఒక ప్రక్కకు నొక్కినచో అది ఆ ప్రక్కకు బోక మఱియొక ప్రక్కకు వాలుటను మన మెఱుగుదుము. అట్లే బిళ్ళయు పైకి లేవక, ఎడమకు ఒరిగి, ఎడమవైపునకే జారి పడును. ఎదురుగాలి వీచినచో కొంతదూరము కుడికి మళ్ళును. వెనుకగాలి యున్నచో త్వరగా ఎడమకు వ్రాలును. లోకమున కుడిచేతివారే యెక్కువ గనుక, విసరు దారికి ఎడమప్రక్కన బాటగాని బల్లగాని బాలుర యాటస్థలము గాని యున్నచో అది ప్రమాదస్థానము. ఈ యొక్క సూత్రము తెలిసినచో, ఆట నెన్నడు నాడని పెద్దయైనను పదునెనిమిది తావులను జుట్టివచ్చి దోషములను గుర్తింపగలడు.

అన్నము నుడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచుట చాలును. దీనినే స్థాలీపులాక న్యాయ మందురు. ఆటబయలునకు ఆ న్యాయము చెల్లదు. ఒక్కొక్క తావునకు వాలు వేఱు, నీడ వేఱు, గాలి వేఱు. ఒకనాటి పరీక్షయు చాలదు. వాన కురిసిన మఱునాడును, ఎండకాలపు మధ్యాహ్నమునను, జనులు గుంపులుగా వచ్చు సెలవునాటి సాయంకాలమునను చూడవలెను. కొండపాదమున పగటివేళ గాలి లోయనుండి పైకి వీచుటయు, రాత్రివేళ పైనుండి దిగుటయు సహజము. ఉదయము నిరపాయముగా దోచిన తావు మధ్యాహ్నము గాలి తిరిగినంతనే మఱియొకటిగా మారవచ్చును.

ఈ దృష్టితో ఓక్ గ్రోవ్ బయలి గుణములను జూతము. మొదటి గుణము నీడ. ఆ ప్రాంతమున వేసవి మాసములలో వాన లుండవు, ఎండ తీక్ష్ణము. ఏడాది పొడవునను ఆకురాల్చని ఓకు చెట్లు ఆడువారికి గొడుగులై నిలిచినవి. రెండవ గుణము చెట్ల యమరిక. దట్టమగు తోపులో విసరు దారి యిరుకగుటచే భుజబలముకంటె గురికే యెక్కువ విలువ వచ్చును. బలిష్ఠుడగు యువకుడును అఱువదియేండ్ల వృద్ధుడును సరితూగి ఆడుటకు ఇట్టి బయలే తగినది. మూడవ గుణము భూమిని పెద్దగా చెక్కకయు పూడ్చకయు ఉన్నదానిని ఉన్నట్లే వాడుకొనుట. నాలుగవది దాని ప్రాచీనత. తొలి బయలన్న గౌరవము దూరదేశములనుండి ఆటగాండ్రను రప్పించుచున్నది.

ఇక దోషములు. ఇచ్చట నొక వింత గలదు: ప్రతి దోషమును ఒక గుణమునుండియే పుట్టినది.

నీడనిచ్చు చెట్లనే చూడుడు. వాని వేళ్ళలో ముఖ్యమైనవి నేలకు మిక్కిలి లోతున నుండవు. వేలాది పాదములు ఒకే దారిని త్రొక్కినచో మన్ను గట్టిపడి, వేళ్ళకు గాలియు నీరును అందవు. బిళ్ళలు పలుమాఱు తగిలిన మొదళ్ళ బెరడు గాయపడును. ఎండినదని జాలిపడి వేసవిలో నీరు పోయుదమన్నను ఆ జాతి ఓకునకు అది హానియే. వేసవి తడి నిలిచినచో వేరుకుళ్ళు తగులును. వందయేండ్ల వృక్షము చచ్చినచో మఱియొకటి రేపటికి రాదు. చెట్టు పోయినచో నీడయు, ఇరుకుదారియు, గురియొక్క రుచియు పోవును.

సర్వజనుల తోట యగుట గుణమంటిమి. ఆ వనమున కాలినడకవారికిని గుఱ్ఱపు రౌతులకును బాటలు గలవు. పదునైన అంచుగల బిళ్ళ తలకు తగిలినచో గాయము తప్పదు. గుఱ్ఱము బెదరినచో రౌతు పడును. బాటయు విసరు దారియు ఎంత చేరువనున్న అపాయమంత యెక్కువ.

ప్రాచీనత గుణమంటిమి. కాని 1975లో బిళ్ళలు మందమైన అంచుతో మెల్లగా పోవునవి. 1983లో వాలుగా సన్నగిల్లిన అంచుగల బిళ్ళలు వచ్చెను. అవి గాలిని కోసికొని మఱింత వేగముగా, మఱింత దూరముగా పోవును. నేల యదియే, చెట్లవియే, బాట లవియే, మారినది బిళ్ళ. ఎడ్లబండ్లకై వేసిన బాటమీద నేడు లారీలు పోయినట్లు, మెల్లని బిళ్ళలకై విడిచిన ఎడము వేగముగల బిళ్ళలకు చాలకపోవును. కావున పాత బయలును, ఇన్నేండ్లు క్షేమముగానే యున్నది గదా యని విడిచిపెట్టరాదు. ఆడు సాధనము మారినప్పుడెల్ల మరల కొలిచి చూడవలెను.

భూమిని ఉన్నట్లే వాడుకొనుట గుణమంటిమి. ఆ భూమి యెట్టిది? అరోయో సెకో యను వాగు కొండలనుండి దిగివచ్చు చోటది. వరదల నాపుటకు 1920లో డెవిల్స్ గేట్ అను ఆనకట్టను గట్టిరి. ఆ కట్ట వెనుక నున్న నేల మన చెఱువు శిఖము వంటిది. 2009లో పై కొండల యడవులు కార్చిచ్చునకు గుఱియై, తరువాతి వానలకు బూడిదయు మన్నును రాళ్ళును కొట్టుకొనివచ్చి ఆ పల్లమును పూడ్చెను. 2019లో ప్రభుత్వము పెద్దయెత్తున పూడిక తీయు పని నారంభించెను. అట్టిచోట నేలకు మొదటి ధర్మము నీటికి తావిచ్చుట. ఆట యచ్చట అతిథి మాత్రమే. ఆ పల్లపుటంచున ఏ వినోదమును ఏర్పఱచినను, ఎప్పుడైన వరదకో పూడికపనికో ప్రక్కకు తొలగుటకు సిద్ధముగా నుండవలెను.

ఈ దోషముల కెల్ల పరిహారము బయలును మూసివేయుటయా? కాదు. స్వల్పవ్యయముతో చేయదగిన పనులు గలవు. ఒక్కొక్క తావునకు రెండు మూడు చోట్ల గంపను నిలుపు గుంట లమర్చి, కొన్ని నెలల కొకమాఱు మార్చినచో త్రొక్కిడి పంచబడి నేల తేరుకొనును. చెట్ల మొదళ్ళచుట్టును రాలిన యాకులను చెక్కపొట్టును పఱచి, మొదలునకు ఆనకుండ నెడము విడిచినచో మన్ను గట్టిపడదు. బాట ఎడమనున్నచో తిన్నెను జరిపి విసరు దిక్కును మార్చవచ్చును. ముందు కనబడని మలుపున, నడచువారిని బోనిచ్చిన పిమ్మటనే విసరవలెనను పలకను నాటవచ్చును. నడచువానికే మొదటి హక్కు అను నియమమును ఆటగాండ్రు పాటించిన బయలు, లోపములున్నను, క్షేమముగా నుండును. నియమము పాటింపని బయలు ఎంత చక్కగా నమర్చినను అపాయకరమే.

ఈ విచారము మనకేల యందురా? మన గ్రామములలో పిల్లలకు ఆటస్థలము కావలెనన్న మాట తఱచుగా పంచాయతికి వచ్చుచుండును. ఊరిచెంత ఖాళీగా దోచునది సాధారణముగా చెఱువు శిఖమో, పశువుల బయలో, పాఠశాల వెనుకటి తోపో యగును. శిఖము సమతలముగా నుండును. ఆ సమతలమును జేసినది నీరే గనుక ఆ నీరు మరల వచ్చును. అచ్చట చదునుచేసి ఆడుకొనవచ్చును గాని గోడలు కట్టరాదు. తోపు చల్లగా నుండును. చింతచెట్ల మొదళ్ళ మన్ను రాయియై పోకుండ చూచుకొనవలెను. పశువుల బయలు విశాలముగా నుండును. మందలు మరలివచ్చు వేళయు బాలురు ఆడు వేళయు ఒక్కటే యని మఱువరాదు. ఆట క్రికెట్టయినను, చెడుగుడయినను, బిళ్ళంగోడయినను పరీక్షాక్రమ మొక్కటియే.

ఆ క్రమమును మూడు ప్రశ్నలుగా జెప్పి ముగింతును. ఇచ్చట ఆడువానికి ఆనందమును శరీరశ్రమయు లభించునా? ఆడనివాడు భయము లేక ఈ దారిని నడచిపోగలడా? పదియేండ్ల తరువాత ఈ చెట్టును ఈ మన్నును ఈ నీటితావును ఇట్లే యుండునా? మొదటి ప్రశ్నకు యువకులే సమాధానము చెప్పుకొందురు. తక్కిన రెండింటిని అడుగువారు లేకపోయినచో ఎవరును అడుగరు. దారిని బోవు ముదుసలికిని, తోపులోని చెట్టునకును సభలో నోరు లేదు. వారి పక్షమున ఆ ప్రశ్న లడుగుట గ్రామపెద్దల విధి. ఆటస్థలమును నిర్ణయించుటకు కూర్చున్ననాడు ముందుగా ఆ రెండు ప్రశ్నలకే సమాధానము రాబట్టుడు. పిమ్మట మొదటిదాని సంగతి పిల్లలు చూచుకొందురు.