మీ కారు తూములు ఎప్పుడైనా చూశారా?

రాత్రంతా వాన. పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరి కారు డోర్ తీయగానే ముక్కిపోయిన వాసన. అద్దాలకి లోపలివైపు ఆవిరి. కాలు పెడితే మ్యాట్ కింద చిత్తడి. చూస్తే అద్దాలన్నీ ఎక్కించే ఉన్నాయి, సన్‌రూఫ్ కూడా మూసే ఉంది. మరి నీళ్లు ఎక్కడ్నుంచి వచ్చాయి?

సన్‌రూఫ్ ఉన్న కారైతే అందరి చూపూ ముందు దాని చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ మీదకే పోతుంది. "బీడింగ్ పోయిందన్నా, మార్చేద్దాం" అని షెడ్డులో కూడా అనేస్తారు. కానీ చాలాసార్లు అసలు సమస్య అది కాదు. కారు పైకప్పు లోపల, మన కంటికి కనిపించకుండా, చిటికెన వేలికన్నా సన్నటి గొట్టాలు కొన్ని ఉంటాయి. వాటిని సన్‌రూఫ్ డ్రెయిన్లు అంటారు. అవి మూసుకుపోతేనే ఈ గొడవంతా.

సన్‌రూఫ్ నీళ్లని ఆపదు!

వినడానికి వింతగా ఉంటుంది గానీ నిజం. మూసి ఉన్న సన్‌రూఫ్ సందుల్లోంచి కూడా కొన్ని నీళ్లు లోపలికి దిగుతాయి. కంపెనీకి ఆ సంగతి తెలుసు, డిజైన్ చేసిందే అలా. జరిగే అద్దాన్ని, గుంతల్లో కదిలే కారు బాడీని, ఎండకి గట్టిపడే రబ్బరుని నమ్ముకుని చుక్క కూడా దిగకుండా ఏళ్ల తరబడి ఆపడం కష్టం. అందుకే అద్దం కింద చుట్టూ ఒక కాలువ లాంటి ట్రే పెడతారు. బీడింగ్ దాటి వచ్చిన నీళ్లు ఆ ట్రేలో పడతాయి. ట్రే మూలల్లో చాలావరకు నాలుగు రంధ్రాలుంటాయి, ఒక్కోదానికి ఒక్కో గొట్టం. ముందు గొట్టాలు విండ్‌షీల్డ్ పక్కనున్న పిల్లర్ల లోపలి నుంచి దిగి, ముందు డోర్ కీలు దగ్గరో ముందు టైరు పైభాగంలోనో బయటికొస్తాయి. వెనక గొట్టాలు వెనక పిల్లర్ల నుంచి దిగి వెనక టైర్ల దగ్గర తేలతాయి.

డాబా ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది కొత్తేం కాదు. వానాకాలం ముందు ఇంట్లో ఎవరో ఒకరు పైకెక్కి తూముల దగ్గర పేరుకున్న ఆకులు తీస్తారు. తూము బాగుంటే ఎంత వానైనా నీళ్లు పోతాయి. మూసుకుపోతే డాబా చెరువే, నాలుగు రోజులకి హాల్ సీలింగ్ మీద చెమ్మ మరక. కారులోనూ అచ్చం అదే కథ. ట్రే నిండితే నీళ్లు అంచు దాటి సీలింగ్ బట్ట మీదకి, అక్కణ్నుంచి పిల్లర్ ప్లాస్టిక్ వెనగ్గా డ్యాష్‌బోర్డ్ కిందకి, చివరికి మీ కాళ్ల దగ్గరికి చేరతాయి. వాలు మీద పార్క్ చేస్తే ఇంకా త్వరగా. ఎందుకంటే నీళ్లన్నీ పల్లం వైపున్న తూముల మీదే పడతాయి.

వేప పూత, కానుగ పూలు, సిమెంట్ దుమ్ము

ఆ గొట్టాలు మూసుకుపోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఎండాకాలంలో నీడ కోసం కారుని చెట్టు కింద పెడతాం. ఉగాది టైమ్‌లో వేప పూత రాలుతుంది. తర్వాత కానుగ పూలు రోడ్డంతా పరుచుకుంటాయి. తురాయి చెట్టు ఆకులైతే బియ్యపు గింజంత. ఇవన్నీ సన్‌రూఫ్ అంచుల్లో చేరతాయి. దానికి పక్క అపార్ట్‌మెంట్ కన్‌స్ట్రక్షన్ దుమ్ము తోడు. తొలి వానకి అదంతా ముద్దయ్యి గొట్టంలోకి జారుతుంది, ఎండకి గట్టిపడుతుంది. కొన్ని కార్లలో గొట్టం కింది కొసకి చిన్న చీలిక ఉన్న రబ్బరు మూత ఉంటుంది. బురద అక్కడ ఇరుక్కున్నా పైనుంచి కిందిదాకా బంద్.

సాఫ్ట్‌వేర్‌లో మేం సైలెంట్ ఫెయిల్యూర్ అనే రకం ఇది. ఎర్రర్ రాదు, అలర్ట్ రాదు. ఇంజిన్ ఆయిల్ తగ్గితే డ్యాష్‌బోర్డ్‌లో లైట్ వెలుగుతుంది. తూము మూసుకుపోతే వెలిగే లైట్ ఏదీ లేదు. మీకు తెలిసేసరికి నీళ్లు లోపలికి వచ్చేసి ఉంటాయి.

తడిసేది కార్పెట్ ఒక్కటే కాదు

"రెండు రోజులు ఎండలో పెడితే ఆరిపోతుందిలే" అనుకుంటే పొరపాటే. కార్పెట్ కింద మందపాటి ఫోమ్ ఉంటుంది. పైన చెయ్యి పెడితే పొడిగానే తగులుతుంది, కింద ఫోమ్ మాత్రం స్పాంజిలా నీళ్లు పట్టుకుని వారాల తరబడి ఉంటుంది. బూజు, వాసన అక్కణ్నుంచే.

అసలు భయం వైరింగ్‌తో. ఇప్పటి కార్లలో సీట్ల కింద, కార్పెట్ కింద కనెక్టర్లు బోలెడు. ఎయిర్‌బ్యాగ్‌లను నడిపే కంట్రోల్ యూనిట్ కూడా చాలా కార్లలో గేర్ లివర్ దగ్గర, ఫ్లోర్ మధ్యలోనే బిగించి ఉంటుంది. కనెక్టర్ పిన్నులకి పచ్చటి చిలుము పట్టిందంటే ఒకరోజు పవర్ విండో పనిచేయదు, ఇంకోరోజు ఎయిర్‌బ్యాగ్ వార్నింగ్ లైట్ వెలుగుతుంది. ఆ లైట్ వెలిగితే యాక్సిడెంట్‌లో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న గ్యారంటీ పోయినట్టే. ఒక పూల రేక దగ్గర మొదలైన విషయం ప్రాణాల దాకా రావడమంటే ఇదే.

మా ఆఫీసులో ఒకరి సెకండ్ హ్యాండ్ కారు సంగతి చెప్తాను. మొదటిసారి నీళ్లొస్తే బీడింగ్ మార్చారు. రెండోసారి ఏసీ పైపు క్లీన్ చేశారు. మూడో వానకి మళ్లీ తడి. చివరికి వేరే షెడ్డులో ఒక పెద్దాయన సన్‌రూఫ్ తెరిచి, మూలలో గ్లాసుడు నీళ్లు పోసి, కింద టైరు దగ్గర చూశాడు. చుక్క రాలేదు. టెస్ట్ అంతే, రెండు నిమిషాలు.

కన్వర్టిబుల్ అయితే ఇంకా జాగ్రత్త

టాప్ మొత్తం వెనక్కి మడుచుకునే కన్వర్టిబుల్ కార్లలో ఈ తూములే ప్రాణం. గుడ్డ టాప్ మీద పడ్డ నీళ్లు సీట్ల వెనక ఉన్న కాలువలోకి దిగి, రెండు పక్కలా ఉన్న గొట్టాల గుండా వెనక టైర్ల దగ్గర బయటికి పోతాయి. అవి మూసుకుపోతే ఏమవుతుందో చెప్పడానికి పేరున్న ఉదాహరణలే ఉన్నాయి. 1996లో వచ్చిన మొదటి తరం పోర్షే బాక్స్‌టర్‌లో, కారు తాళాన్ని గుర్తుపట్టే ఎలక్ట్రానిక్ యూనిట్ డ్రైవర్ సీటు కింద ఫ్లోర్ మీదే ఉంటుంది. నీళ్లు అక్కడికి చేరితే కారు స్టార్టే కాదు. ఈ85 తరం బీఎండబ్ల్యూ జడ్4లో టాప్‌ని మడిచే హైడ్రాలిక్ మోటారు, నీళ్లు దిగే ఆ పక్క గుంతలోనే కూర్చుని ఉంటుంది. తూము పూడితే మోటారు మునుగుతుంది, దాన్ని బయటికి తీయాలంటే పెద్ద పని. 1989లో మొదలైన మజ్దా ఎంఎక్స్-5 పాత కార్లలో డోర్ల కింద తుప్పు పట్టడానికి ఈ తూములు కూడా ఒక కారణం.

అమెరికాలో వీకెండ్ కోసం సెకండ్ హ్యాండ్ కన్వర్టిబుల్ చూస్తున్న మనవాళ్లు ఇంజిన్ సౌండ్ వినడానికి ముందు సీట్ల వెనక కార్పెట్ నొక్కి చూడటం మంచిది.

మీరే చేసుకోండి ఇలా

1. కారుని సమానమైన చోట ఆపి సన్‌రూఫ్ పూర్తిగా తెరవండి. తడి గుడ్డతో ట్రేలోని దుమ్ము, ఆకులు బయటికి తీయండి. రంధ్రంలోకి మాత్రం నెట్టొద్దు.

2. ముందు రెండు మూలల్లో రంధ్రాలు కనిపిస్తాయి. చిన్న కప్పుతో, ఒక్కో రంధ్రం దగ్గర 100 మిల్లీలీటర్ల నీళ్లు నెమ్మదిగా పోయండి. ఇంకొకరిని కింద టైరు దగ్గర చూడమనండి.

3. నీళ్లు గబగబా దిగి కింద కారితే ఆ తూము ఓకే. దిగకుండా నిలబడితే మూసుకుపోయినట్టు. దిగిపోయి కిందికి రాకపోతే మాత్రం వెంటనే ఆపేయండి. లోపల గొట్టం ఊడో చిరిగో ఉండొచ్చు, ఆ నీళ్లు కారులోకే పోతున్నట్టు.

4. మూసుకుపోయిన గొట్టానికి గడ్డి కోసే బ్రష్ కట్టర్‌లో వాడే నైలాన్ తీగ సరిగ్గా సరిపోతుంది. వ్యవసాయ పనిముట్ల షాపుల్లో దొరుకుతుంది. రెండు మిల్లీమీటర్ల మందం, రెండు మీటర్ల పొడవు చాలు. కొన పదునుగా లేకుండా చూసుకుని మెల్లగా తిప్పుతూ దించండి. అడ్డు తగిలితే బలం పెట్టొద్దు, వెనక్కి లాగి మళ్లీ ప్రయత్నించండి.

5. కింది కొస చేతికి అందితే అక్కడి రబ్బరు మూతని వేళ్లతో నలిపి బురద రాల్చండి. తర్వాత మళ్లీ నీళ్ల టెస్ట్.

పానోరమిక్ సన్‌రూఫ్ ఉంటే వెనక రంధ్రాలు మనకి అందకపోవచ్చు. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు "సన్‌రూఫ్ డ్రెయిన్ క్లీనింగ్" అని జాబ్ కార్డులో రాయించండి. నోటితో చెప్తే సరిపోదు.

ఈ మూడూ చేయొద్దు

పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి కొట్టించొద్దు. గొట్టం పైన ట్రేకి ఊరికే తొడిగి ఉంటుంది. ఆ గాలి ధాటికి ఊడిందంటే, సరిచేయడానికి సీలింగ్ బట్ట మొత్తం దించాలి. చాలా కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు ఆ అంచునే ఉంటాయి కాబట్టి ఇంట్లో పీకే పని కూడా కాదు.

ఇనుప తీగ వాడొద్దు. గొట్టానికి చిల్లు పడితే బయటికి తెలియదు.

సన్‌రూఫ్ చుట్టూ సిలికాన్ పూయించొద్దు. ఇక తెరవలేరు, ఆ సిలికాన్ ఎక్కడో చీలుతుంది, మూసుకుపోయిన తూము అలాగే ఉంటుంది.

ఏసీ నీళ్లా, వాన నీళ్లా?

తేలిక గుర్తు ఒకటుంది. వాన లేని రోజు ఏసీ వేసుకుని తిరిగాక ముందు సీటు కాళ్ల దగ్గర తడి కనిపిస్తే ఏసీ డ్రెయిన్ అనుకోవచ్చు. ఏసీ వేయకపోయినా వాన పడ్డాక తడి వస్తే సన్‌రూఫ్ తూములు, వైపర్ల కింద ఆకులు చేరే గాడి, డోర్ సీళ్లు చూడాలి. సీలింగ్ బట్ట మీద టీ రంగు మరకలు, బ్రేక్ వేస్తే పైనుంచి నీళ్లు కదిలిన చప్పుడు ఉంటే అనుమానం సన్‌రూఫ్ మీదే.

పాత కారు కొనేటప్పుడు కూడా ఇవే గుర్తులు. లోపల సెంటు వాసన మరీ గుప్పున కొడుతుంటే మ్యాట్ ఎత్తి కార్పెట్‌ని గట్టిగా నొక్కండి. సీటు బోల్టుల తుప్పు చూడండి.

ఇక ఇన్సూరెన్స్. కాంప్రహెన్సివ్ పాలసీలో వరద, తుఫాను నష్టానికి కవర్ ఉంటుంది. అరుగుదల, మామూలు ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ లాంటివాటికి ఉండదు. మెయింటెనెన్స్ లేక మెల్లగా కారిన నీళ్లని వరదగా ఒప్పించడం చాలా కష్టం. అంటే బిల్లు మన జేబులోంచే.

ఇప్పటికే తడిసి ఉంటే ఆలస్యం చేయకండి. సీట్లు విప్పి, కార్పెట్ లేపి ఫోమ్ ఆరబెట్టించండి. సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి మీరు వెళ్లొద్దు.

ఏడాదికి రెండుసార్లు చూస్తే చాలు. వేప, కానుగ పూత అయిపోయి నైరుతి వానలు మొదలయ్యే ముందు, అంటే మే నెలాఖర్లో ఒకసారి. సెప్టెంబర్ చివర్లో ఇంకోసారి. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకి అసలు వానలు అక్టోబర్ తర్వాతే కాబట్టి రెండోది అస్సలు మిస్ కావొద్దు. ఖర్చు? కప్పు నీళ్లు, రెండు మీటర్ల నైలాన్ తీగ, ఒక ఆదివారం పొద్దున అరగంట.