శిలీంధ్ర కణకవచం: కైటిన్ నిర్మాణ విధానం

ఈస్ట్ కణకవచంలో కైటిన్ పాలు ఒకటి రెండు శాతమే. అయినా అది పూర్తిగా లోపిస్తే కణవిభజన సాగదు.

ప్లాస్మాత్వచంలోని కైటిన్ సింథేజ్ అనే ఎంజైము కణద్రవ్యంలోని యుడిపి-ఎన్-ఎసిటైల్‌గ్లూకోసమైన్ నుండి చక్కెర భాగాలను గ్రహించి గొలుసుగా కూర్చుతూ, ఆ గొలుసును త్వచం గుండా వెలుపలికి పంపుతుంది. అక్కడ గొలుసులు హైడ్రోజన్ బంధాలతో సూక్ష్మతంతువులుగా ఏర్పడతాయి. ఇవి గ్లూకాన్‌తో అనుసంధానమై కవచానికి దృఢత్వాన్నిస్తాయి.

ఈస్ట్‌లో ఈ పనిని మూడు ఎంజైములు పంచుకుంటాయి. మొగ్గ మొదట్లోని వలయాన్ని మూడవది, తల్లి పిల్ల కణాల నడుమ అడ్డుగోడను రెండవది నిర్మిస్తాయి. కణాలు విడిపోయేటప్పుడు కలిగే నష్టాన్ని మొదటిది సరిచేస్తుంది.

మానవ కణాలలో కైటిన్ ఉండదు. కనుక దాని నిర్మాణాన్ని నిరోధించడం చికిత్సకు అనువైన మార్గం. అయితే గ్లూకాన్ తయారీని అడ్డుకునే ఔషధాలు ప్రయోగించినప్పుడు కాండిడా కణాలు కైటిన్‌ను అధికంగా ఉత్పత్తి చేసి నిలదొక్కుకోగలవు. కణకవచం జడమైన పెంకు కాదనడానికి ఇదే నిదర్శనం.