చెయ్యి ఎప్పుడు పైకెళ్లిందో నాకే తెలియదు

ఆఫీసులో సాయంత్రానికి నా కుర్చీ కింద గుప్పెడు వెంట్రుకలు ఉండేవి. హౌస్‌కీపింగ్ అక్క చూసేలోపే టిష్యూతో ఎత్తి బ్యాగులో దాచుకునేదాన్ని. అవి రాలినవి కాదు. నేను పీక్కున్నవి.

ఏడో తరగతిలో మొదలైంది. చదువుకుంటూ చెవి పైన వేళ్లతో వెతకడం, కాస్త గరుకుగా తగిలినదాన్ని పట్టుకుని లాగడం. నొప్పి ఉండదా అంటారా? నాకైతే ఒక్క క్షణం హాయిగా ఉంటుంది. వెనకాలే సిగ్గు. పదో తరగతికి రూపాయి బిళ్లంత ఖాళీ కనబడింది. అమ్మ పేనుకొరుకుడు అనుకుని ఉల్లిరసం రాసింది. అమ్మమ్మ దిష్టి తీసింది. ఇంటర్ సెలవుల్లో తిరుమలలో గుండు కూడా చేయించారు. కొన్ని నెలలు ప్రశాంతంగా ఉన్నాను. జుట్టు వేళ్లకి అందగానే మళ్లీ మొదలు.

ఉద్యోగంలో చేరాక చర్మ డాక్టర్ దగ్గరికెళ్తే ఆయన ఖాళీలో పొట్టీ పొడుగూ విరిగిన వెంట్రుకలు చూసి, "పీక్కుంటున్నావామ్మా?" అన్నారు. ఏడ్చేశాను. అప్పుడే దీనికో పేరుందని తెలిసింది: ట్రైకోటిల్లోమేనియా. 1889లో అలోపో అనే ఫ్రెంచ్ చర్మవైద్యుడు పెట్టిన పేరు. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 దీన్ని ఓసీడీకి దగ్గరి సమస్యల్లో చేర్చింది. 'మానేయొచ్చుగా' అంటే మానేసే అలవాటు కాదన్నమాట. (పీకిన వెంట్రుకలు మింగే అలవాటుంటే మాత్రం ఆలస్యం చేయకండి. అవి అరగవు, కడుపులో ఉండ కడతాయి.)

సైకాలజిస్ట్ నాతో చేయించింది హ్యాబిట్ రివర్సల్. 1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు రూపొందించిన పద్ధతి. మొదటి రెండు వారాలు మానమనలేదు, చెయ్యి పైకెళ్లిన ప్రతిసారీ ఫోన్‌లో రాయమన్నారు. ప్రొడక్షన్ ఇష్యూ వచ్చిన రోజే ఎక్కువ పీకుతానని నా నమ్మకం. నోట్స్ చూస్తే సీన్ వేరే! బిల్డ్ అయ్యేదాకా ఖాళీగా కూర్చున్నప్పుడు, కెమెరా ఆఫ్ చేసిన మీటింగుల్లో, రాత్రి పడుకుని రీల్స్ చూస్తున్నప్పుడు. ఖాళీగా ఉన్న చెయ్యే అసలు దొంగ.

ఇప్పుడు చెయ్యి లేవగానే పిడికిలి బిగించి ఒక నిమిషం ఆగుతాను. మీటింగుల ముందు బొటనవేలికి, చూపుడువేలికి బ్యాండేజ్ వేస్తాను. వెంట్రుక పట్టు దొరకదు. ఏమైందని అడిగితే కూరగాయలు కోస్తుంటే తెగిందంటాను. నేను వంట చేయనని టీమ్‌లో అందరికీ తెలుసు!

పూర్తిగా తగ్గిందా అంటే, లేదు. మొన్న పెళ్లిచూపుల ముందు వారంలో ఆరు నెలలు పెంచిందంతా పీకేశాను. అమ్మ సవరం కొనుక్కొచ్చి, "వాళ్లకేం చెప్పకే" అంది. సవరం పెట్టుకున్నాను కానీ అబ్బాయితో విడిగా మాట్లాడినప్పుడు చెప్పేశాను. వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు. కారణం జుట్టో, కట్నమో నాకు తెలియదు.

ఆ రాత్రి అమ్మ మొదటిసారి తిట్టకుండా అడిగింది, "చెయ్యి ఎందుకు పోతుందే?" అని. నోట్స్ చూపించాను. చాలాసేపు చదివింది.

ఇప్పుడు టీవీ ముందు నా చెయ్యి లేస్తే ఏమీ అనదు. చిక్కుడుకాయల గిన్నె ఒళ్లో పెట్టి వెళ్తుంది. ఈనెలు తీస్తుంటే వేళ్లకి పని దొరుకుతుంది. వారానికి మూడుసార్లు చిక్కుడుకాయ కూరేంటని నాన్న గొణుగుతున్నారు.