పెళ్ళికొడుకు చెయ్యి ఎందుకు గెంతుతోంది?

దిగపహండిలో మా ఇంటి ఇనప బీరువా అడుగు అరలో పధ్నాలుగు వీహెచ్‌ఎస్ క్యాసెట్లున్నాయి. అప్ప పెళ్ళి, తమ్ముడి అన్నప్రాసన, బరంపురం ఠాకురాణి యాత్రలో తీసినవి రెండు, మిగతావన్నీ చుట్టాల పెళ్ళిళ్ళు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కిద్దామని మూల పడి ఉన్న డెస్క్‌టాప్ దుమ్ము దులిపి, వీసీఆర్‌కి ఒక చవక క్యాప్చర్ డాంగిల్ తగిలించాను. అప్ప పెళ్ళి ఎక్కించి చూపిస్తే అమ్మ అన్న మొదటి మాట: "ఏటిరా ఇది, పెళ్ళికొడుకు చెయ్యి గెంతుతోంది? జీలకర్ర బెల్లం పెడుతున్నాడా, ఈగల్ని తోలుతున్నాడా?"

నిజమే. చెయ్యి సగం దూరం లేచి ఆగుతుంది, మరుక్షణం అప్ప నెత్తి మీద ఉంటుంది. మధ్యలో ఉండాల్సిన బొమ్మలు లేవు. మాటా అక్కడక్కడ తెగుతోంది. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. మా పెద్దవాళ్ళు మాట్లాడే ఒడియా కలిసిన గంజాం తెలుగు ఈ క్యాసెట్లలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఈ జబ్బుకి అందరూ రాసిచ్చే చీటీ ఒక్కటే: "కంప్యూటర్ పాతదైపోయింది, కొత్తది కొనుక్కో." కొనక్కర్లేదు. ముందు గెంతుడు ఎక్కడ పుడుతోందో పట్టుకోవాలి. క్యాసెట్లోనే ఉందా, ఎక్కించేటప్పుడు వచ్చిందా, ఎక్కాక ఆడించేటప్పుడు వస్తోందా? తెర మీద మూడూ ఒకేలా కనిపిస్తాయి గానీ మందు మాత్రం దేనిది దానికే.

తేలికదానితో మొదలుపెడదాం. ఒక నిమిషం ముక్క ఎక్కించి, ఆ ఫైలును కాపీ చేసుకుని పక్కింటివాళ్ళ కొత్త ల్యాప్‌టాప్‌లో ఆడించి చూడండి. అక్కడ సాఫీగా ఆడితే ఫైలు బాగానే ఉంది, మీ కంప్యూటర్ దాన్ని చూపించలేకపోతోంది, అంతే. దీనికి మామూలుగా కనిపించే కారణం ఒకటుంది. మన పాల్ పద్ధతి టీవీలో సెకనుకి 25 బొమ్మలు. ఒక్కో బొమ్మ రెండు సగాలుగా వస్తుంది: ముందు ఒక వరుస విడిచి ఒక వరుస, తర్వాత విడిచినవి. పాత డబ్బా టీవీకి అది అలవాటైన పని. కంప్యూటర్ తెరకి మాత్రం రెండు సగాల్నీ కలిపి కుట్టాలి. ఆ కుట్టుపనిని డీఇంటర్లేస్ అంటారు. వీఎల్‌సీ ప్లేయర్‌లో దానికి రకరకాల పద్ధతులున్నాయి. యాడిఫ్ అనేది అందంగా కుడుతుంది గానీ పాత ప్రాసెసర్ చేత చెమటలు కక్కిస్తుంది. దాని బదులు లీనియర్‌కో బ్లెండ్‌కో మార్చి చూడండి. చాలా ఇళ్ళలో రోగం ఇక్కడే కుదురుతుంది.

ఇంకో మోసం కూడా ఉంది. ఎక్కించేటప్పుడు కంప్యూటర్లో కనిపించే ప్రివ్యూ గెంతినంత మాత్రాన ఫైలు గెంతుతుందని కాదు. అసలు ఆ ప్రివ్యూ ఆపేయడం మేలు, అంత భారం తగ్గుతుంది. ఏం నడుస్తోందో చూడాలంటే వీసీఆర్‌కి ఒక టీవీ తగిలించుకోండి.

మా ఫైలు పక్కింట్లోనూ గెంతింది. అంటే బొమ్మలు ఎక్కేటప్పుడే జారిపోయాయి.

ఇక్కడ ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. క్యాసెట్టు ఆగదు. పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేస్తుంటే కంప్యూటర్ అలిసిపోయి నెమ్మదిస్తే కాపీ కూడా నెమ్మదిస్తుంది, ఏ నష్టమూ లేదు. వీసీఆర్‌లో అలా కాదు. హెడ్డు డ్రమ్ము సెకనుకి 25 చుట్లు తిరుగుతుంది, చుట్టుకో బొమ్మ బయటికొస్తుంది. కరెంటు పోయేలోగా మోటారు వేసి నీళ్ళు పట్టుకోవడం లాంటిది ఇది. మోటారు తొట్టిలో పోస్తూనే ఉంటుంది, మనం బకెట్లతో లోపలికి మోస్తుంటాం. బకెట్‌తో వెళ్ళినవాడు దారిలో ఎవరితోనో మాట్లాడుతూ నిలబడితే కాసేపు తొట్టి ఆదుకుంటుంది, తర్వాత పొర్లిపోతుంది. ఆ పొర్లిపోయిన నీళ్ళే డ్రాప్ అయిన ఫ్రేములు.

ఎంత నీరు వస్తోందో లెక్క కడదాం. ఒక్కో బొమ్మ 720 చుక్కల వెడల్పు, 576 వరుసల ఎత్తు. చుక్కకి రెండు బైట్లు, సెకనుకి 25 బొమ్మలు. గుణిస్తే సెకనుకి దాదాపు 21 ఎంబీ, గంటకి సుమారు 75 జీబీ. ఏ కుదింపూ లేకుండా దీన్ని రాయాలంటే సగం నిండిన పాత హార్డ్‌డిస్క్ నడుం పడిపోతుంది. పోనీ కుదించి రాద్దామని యూట్యూబ్ వీడియోల్లో వాడే హెచ్.264ని ఎంచుకుంటే డిస్క్‌కి హాయి, కానీ బొమ్మ వచ్చిన వేళకే అంత బిగించి మడతపెట్టడం పాత ప్రాసెసర్ వల్ల కాదు. నేను చేసిన తప్పు అదే. డాంగిల్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ తనంతట తనే హెచ్.264 పెట్టుకుంది, నేను చూసుకోలేదు.

మధ్యేమార్గం ఉంది. హఫ్‌వైయూవీ అనే ఉచిత కోడెక్ బొమ్మని ఏమాత్రం పాడుచెయ్యకుండా సగానికో మూడోవంతుకో తగ్గిస్తుంది, ప్రాసెసర్‌ని కూడా పెద్దగా పీడించదు. గంటకి 30 జీబీ చుట్టుపక్కల పడుతుంది. డిస్క్‌లో అంత చోటు లేకపోతే సెకనుకి 8 మెగాబిట్ల ఎంపెగ్-2, గంటకి మూడున్నర జీబీ. వీహెచ్‌ఎస్ బొమ్మలో ఉన్న వివరమే తక్కువ కాబట్టి ఇంటి పెళ్ళికి అది చాలు. బిగించి కుదించే పని తర్వాత రాత్రిపూట కంప్యూటర్‌కి అప్పజెప్పి పడుకోండి. అప్పుడు ఎంత నెమ్మదిగా చేసినా అడిగేవాడు లేడు.

పాత కంప్యూటర్లలో డిస్క్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే ఒక ఫైలు 4 జీబీ దాటదు. హఫ్‌వైయూవీతో అయితే పది నిమిషాలు కాకముందే బండి ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మార్చుకోవాలి.

డాంగిల్‌నీ, బయటి హార్డ్‌డిస్క్‌నీ ఒకే యూఎస్‌బీ హబ్బుకి పెట్టేవాళ్ళున్నారు. యూఎస్‌బీ 2.0 దారి పెట్టె మీద 480 మెగాబిట్లని రాసి ఉన్నా నిజానికి సెకనుకి 30–35 ఎంబీకి మించి నడవదు. డాంగిల్ ఒక్కటే అందులో 21 తినేస్తుంది. ఆ ఇరుకు సందులోకే డిస్క్ బండిని కూడా తోలితే రెండూ ఇరుక్కుంటాయి. కంప్యూటర్ లోపలి డిస్క్‌లోకి ఎక్కించి, పనయ్యాక బయటి డిస్క్‌కి మార్చుకోండి. ఎక్స్‌పీ నడిచే మరీ పాత మిషన్లలో ఇంకో చిక్కుంది. డిస్క్‌తో మాటామంతీలో ఆరు తప్పులు లెక్కకొస్తే విండోస్ చెప్పాపెట్టకుండా వేగం తగ్గిస్తూ, చివరికి పీఐఓ అనే నత్తనడకకి దిగుతుంది. డివైస్ మేనేజర్‌లో ఆ ఐడీఈ ఛానెల్‌ని తీసేసి కంప్యూటర్‌ని మళ్ళీ ఆన్ చేస్తే మామూలు నడకకి వస్తుంది.

ఎక్కించే గంటసేపు ఇంటర్నెట్టు తీగ పీకెయ్యండి, అప్పుడు యాంటీవైరస్ ఆపినా భయం లేదు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచండి, పవర్ సేవర్ తీసెయ్యండి. మా వైపు ఎండాకాలంలో ఇంకోటి కూడా చెప్పాలి. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుంటే ప్రాసెసర్ వేడెక్కి, తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి పావుగంట బాగా నడిచి తర్వాత గెంతడం మొదలైతే అనుమానం దాని మీదే. నేను మూత తీసి బ్రష్షుతో ఊడిస్తే పిడికెడు దుమ్ము రాలింది.

వీటన్నిటి తర్వాత కూడా కొన్ని బొమ్మలు జారుతున్నాయా? వర్చువల్‌డబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎన్ని జారాయో ఎప్పటికప్పుడు అంకె చూపిస్తుంది. అదే ఐదు నిమిషాల ముక్కని రెండుసార్లు ఎక్కించండి. జారడం ఒక్కోసారి ఒక్కో చోట అయితే నేరం కంప్యూటర్‌ది. రెండుసార్లూ సరిగ్గా అదే చోట అయితే క్యాసెట్టుది. అప్పుడు కొత్త కంప్యూటర్ కొన్నా అదే చోట గెంతుతుంది.

క్యాసెట్టు సాగినా ముడతపడినా, వరుసలు రావాల్సిన వేళకి రాక అటూ ఇటూ తూలుతూ వస్తాయి. పాత టీవీ సర్దుకుపోయేది. చవక డాంగిల్‌కి ఆ ఓర్పు లేదు, లెక్క తప్పి బొమ్మనే వదిలేస్తుంది. టేపుని ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టండి, ట్రాకింగ్ సరిచెయ్యండి, హెడ్డు శుభ్రం చేయించండి. అప్పటికీ తూలితే టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం ఆ వరుసల్ని మళ్ళీ తాళంలో పెడుతుంది. అది ఖరీదు. కొన్ని పాత డీవీడీ రికార్డర్లని వీసీఆర్‌కీ డాంగిల్‌కీ మధ్య పెడితే ఆ పని కొంతవరకు చేస్తాయి. టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం వీసీఆర్‌లో పెట్టకండి. అది హెడ్డుకి అంటి మిగతా క్యాసెట్లకీ పాకుతుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు తడిసినవి ఇంకా ఎవరి అటకల మీదైనా ఉంటే ముందు వాటిని చూసుకోండి. వీసీఆర్ పాడైతే మరోటి దొరకడం కష్టం, ఫునాయ్ కంపెనీ 2016 జులైలో తయారీ ఆపేశాక కొత్తవి రావడం లేదు.

అమెరికా చుట్టాలు పంపిన క్యాసెట్ల కథ వేరు. అవి ఎన్‌టీఎస్‌సీ, సెకనుకి దాదాపు 30 బొమ్మలు. ఆ పద్ధతి ఆడించగల వీసీఆర్ ఉండాలి, సాఫ్ట్‌వేర్‌లో కూడా పాల్ బదులు దాన్ని ఎంచాలి.

ఇవన్నీ చేసి అప్ప పెళ్ళి మళ్ళీ ఎక్కించాను. మూడు గంటల క్యాసెట్టులో జారినవి నాలుగే బొమ్మలు. జీలకర్ర బెల్లం సాఫీగా పడింది, మాటా తెగలేదు. కానీ ఊరేగింపులో సినిమా పాట వచ్చే చోట బొమ్మ ఇంకా టక్కు టక్కుమని ఆగుతోంది. రెండుసార్లు ఎక్కించాను, అదే చోట. హెడ్డు తుడిచాను, ట్రాకింగ్ తిప్పాను, ఒక సాయంత్రం అంతా పోయింది. చివరికి అమ్మ వచ్చి చూసి నవ్వింది. "అది మీ వీడియో అబ్బాయి కావాలని పెట్టిన గమ్మత్తురా. అప్పుడు అందరం దాన్నే వెనక్కి తిప్పి తిప్పి చూశాం."