కోర్లు పెరిగితే ఆట వేగం పెరుగుతుందా..?
ప్రాసెసర్ మార్చే ముందు ఇంట్లోనే చేసుకోదగిన పరీక్షలు

వినగడప (గంపలగూడెం): మిరప సొమ్ము చేతికందే రోజుల్లో రైతు కుటుంబాల ముందు ఖర్చులు బారులు తీరుతాయి. అప్పుల వాయిదాలు, పిల్లల ఫీజులు, ఇంటి మరమ్మతులు.. ఆ వరుసలోకి ఇటీవలి సంవత్సరాల్లో మరో పద్దు వచ్చి చేరింది. అదే ఇంట్లోని కంప్యూటర్. కరోనా కారణంగా 2020, 2021 సంవత్సరాల్లో కళాశాలలు మూతపడినప్పుడు ఆన్‌లైన్ తరగతుల కోసం కొన్న యంత్రాలపైనే పలువురు విద్యార్థులు ఆటలూ ఆడుతున్నారు. కొత్త ఆట వేయగానే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. నాలుగు కోర్ల ప్రాసెసర్ తీసి ఎనిమిది కోర్లది వేయిస్తే సమస్య తీరుతుందన్న కోరిక తండ్రి ముందుకు వస్తుంది. వేల రూపాయలతో ముడిపడిన ఈ నిర్ణయం సరైనదో కాదో పైసా ఖర్చు లేకుండా ముందే తేల్చుకునే మార్గాలున్నాయి.

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంత గ్రామాల వారు ఇటువంటి విడిభాగాల కోసం విజయవాడ వెళ్లాలి. లేదా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వరకు పోవాలి. అదీ కాకుంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. పెట్టె విప్పి అమర్చిన తరువాత ఫలితం కనిపించకపోతే వస్తువును వెనక్కి ఇవ్వడం అంత సులభం కాదు. అందువల్ల లోపం ఎక్కడుందో కొనకముందే గుర్తించడం అవసరం.

అసలు కోర్ అంటే..
ప్రాసెసర్‌లో లెక్కలు చేసే విభాగాన్ని కోర్ అంటారు. ఒకప్పుడు ఇంటి కంప్యూటర్లలో ఒక్క కోరే ఉండేది. 2005లో పెంటియం డీ, అథ్లాన్ 64 ఎక్స్2 పేర్లతో రెండు కోర్ల ప్రాసెసర్లు వచ్చాయి. 2007 నాటికి నాలుగు కోర్లు ఇళ్లలోకి ప్రవేశించాయి. ఆ తరువాత దాదాపు పదేళ్లపాటు సాధారణ వినియోగదారుల యంత్రాల్లో నాలుగు కోర్లదే రాజ్యం. 2017 మార్చిలో ఏఎమ్‌డీ సంస్థ ఎనిమిది కోర్ల రైజెన్ 7ను విడుదల చేయడంతో పోటీ మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో ఇంటెల్ ఆరు కోర్ల ఐ7-8700కేను తెచ్చింది. నాటి నుంచి కోర్ల సంఖ్యే అమ్మకాల ప్రచారంలో ప్రధానాంశమైంది.

కాటా ఒక్కటే అయితే..
కోర్లు రెట్టింపైతే వేగమూ రెట్టింపవుతుందని భావించడం సహజం. వాస్తవం వేరు. మిరప కోతకు పది మంది బదులు ఇరవై మంది కూలీలను దించితే కాయ కోయడం త్వరగా ముగుస్తుంది. అయితే బస్తాలు తూచే కాటా ఒక్కటే, లెక్క రాసే మనిషి ఒక్కడే అయినప్పుడు కూలీలు ఎందరున్నా కాటా వద్ద వరుస తరగదు. ఆటల్లోనూ ఇదే పరిస్థితి. ఆటగాడు మీట నొక్కడం, దాని ఫలితాన్ని లెక్కించడం, తరువాతి బొమ్మ గీయమని గ్రాఫిక్స్ కార్డును ఆదేశించడం.. ఇవి చాలావరకు ఒకదాని వెనుక ఒకటి జరగవలసిన పనులు. వీటిని నడిపే ప్రధాన థ్రెడ్ ఒకే కోర్‌పై ఆధారపడుతుంది.

ఈ పరిమితిని కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్‌డాల్ 1967లోనే వివరించారు. దానిని లెక్కగా చూస్తే విషయం సులభంగా బోధపడుతుంది. ఒక బొమ్మను సిద్ధం చేయడానికి ఒక కోర్‌కు 20 మిల్లీసెకన్లు పడుతుందని, అందులో 60 శాతం పనిని కోర్లు పంచుకోగలవని అనుకుందాం. నాలుగు కోర్లతో ఆ సమయం 11 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. అంటే సెకనుకు సుమారు 91 బొమ్మలు. ఎనిమిది కోర్లతో 9.5 మిల్లీసెకన్లు, సుమారు 105 బొమ్మలు. పదహారు కోర్లు పెట్టినా 8.75 మిల్లీసెకన్లు, 114 బొమ్మలే. కోర్లు నాలుగు రెట్లయినా ఫలితం పాతిక శాతం పెరిగిందంతే.

మార్కెట్‌లోని ఉదాహరణ కూడా ఇదే చెబుతోంది. ఏఎమ్‌డీ 2020 నవంబరులో 16 కోర్ల రైజెన్ 9 5950ఎక్స్‌ను విడుదల చేసింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీలో కోర్లు ఎనిమిదే. అయినా అనేక ఆటల్లో రెండోదే ముందు నిలిచింది. కోర్లకు చేరువలో ఉండే ఎల్3 మెమరీ మొదటిదానిలో 64 ఎంబీ కాగా రెండోదానిలో 96 ఎంబీ ఉండటమే ఇందుకు ప్రధాన కారణం.

అలాగని కోర్లు వృథా కావు..
నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు ఉన్న ఐ5-7400, ఐ3-9100ఎఫ్ వంటి ప్రాసెసర్లపై కొత్త ఆటలు తడబడటం నిజం. 2020 నవంబరులో మార్కెట్‌లోకి వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండింటిలోనూ ఎనిమిది కోర్లున్నాయి. వాటి కోసం తయారయ్యే పెద్ద ఆటలు కంప్యూటర్‌లోనూ ఆ మేరకు పనిని పంచుతున్నాయి. అటువంటి ఆటలకు నాలుగు నుంచి ఆరు కోర్లకు మారితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆరు నుంచి ఎనిమిదికి మారితే తేడా తగ్గుతుంది. ఎనిమిది దాటితే ఆటల వరకు లాభం నామమాత్రమే.

లోపాన్ని పట్టుకునేదిలా..
మొదటి పరీక్షకు ఎటువంటి ఉపకరణమూ అవసరం లేదు. ఆటలో సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో నమోదు చేసుకోవాలి. తరువాత ఆట సెట్టింగుల్లో రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి తగ్గించి, అదే చోట మళ్లీ ఆడి చూడాలి. 50 ఉన్నది 80 వరకు పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డుపై ఉన్నట్లు. అప్పుడు ప్రాసెసర్ మార్చినా ప్రయోజనం శూన్యం. 50 ఉన్నది 52 దగ్గరే ఆగిపోతే లోపం ప్రాసెసర్ వైపు ఉన్నట్లు భావించవచ్చు. ఆటలో బొమ్మల సంఖ్యకు పరిమితి పెట్టి ఉంటే ముందుగా దానిని తొలగించాలి.

రెండో పరీక్ష కోర్లు చాలడం లేదా, లేక ఒక్కో కోర్ వేగం చాలడం లేదా అన్నది తేల్చుతుంది. ఆట నడుస్తుండగా విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ విభాగంలో లాజికల్ ప్రాసెసర్ల గ్రాఫులను చూడాలి. అన్ని గ్రాఫులూ 90 శాతం దాటి నిలిచి ఉంటే కోర్లు చాలడం లేదని అర్థం. మొత్తం వినియోగం 30, 40 శాతమే ఉండి ఆట మాత్రం నెమ్మదిగా సాగుతుంటే కోర్ల కొరత లేదు. అక్కడ కావలసింది వేగవంతమైన కోర్. విండోస్ పనిని ఒక కోర్ నుంచి మరో కోర్‌కు మారుస్తూ ఉంటుంది గనుక ఏ ఒక్క గ్రాఫూ నూరు శాతం చూపకపోవచ్చు. అందుకే ఈ రెండు పరీక్షలనూ కలిపి చూడాలి.

ఖర్చు లేని చికిత్సలు..
* వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో దుమ్ము పట్టిన ఫ్యాను ప్రాసెసర్‌కు శత్రువు. వేడి హద్దు మీరితే ప్రాసెసర్ తనంతట తానే వేగాన్ని తగ్గించుకుంటుంది. ఫ్యాను శుభ్రం చేయించి, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చితే పాత వేగం తిరిగి రావచ్చు.
* 8 జీబీ ర్యామ్ పూర్తిగా నిండిపోతే ఆట ఆగి ఆగి నడుస్తుంది. ఒకే ర్యామ్ ఉన్న యంత్రానికి అదే రకం మరొకటి జతచేస్తే మెమరీ రెండు దారుల్లో పనిచేసి వేగం పెరుగుతుంది. దీనికి కొంత ఖర్చయినా ప్రాసెసర్ మార్పిడితో పోలిస్తే తక్కువే.
* శత్రువు ఉన్నట్టుండి మాయమై మరోచోట తేలడం, కాల్చిన గుండు తగలకపోవడం వంటివి ఇంటర్నెట్ జాప్యం వల్ల కలిగేవి. ఎన్ని కోర్లు పెట్టినా ఇవి తొలగవు. ఇంటర్నెట్ అవసరం లేని ఆట సాఫీగా నడుస్తుంటే దోషం కనెక్షన్‌దే.
* మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే సెకనుకు 60కి మించిన బొమ్మలు తెరపై పూర్తిగా కనిపించవు. ఇప్పటికే 60 స్థిరంగా వస్తున్నవారికి కొత్త ప్రాసెసర్‌తో కంటికి కనిపించే మార్పు స్వల్పం.

బోర్డు ఒప్పుకుంటేనే..
పరీక్షల్లో ప్రాసెసర్ లోపమే తేలితే తరువాతి ప్రశ్న మదర్‌బోర్డుది. ఏఎమ్‌డీ ఏఎం4 సాకెట్ వాడేవారు ఈ విషయంలో అదృష్టవంతులు. 2018 నాటి బీ450 బోర్డుపై బయాస్‌ను నవీకరించుకుంటే 2022లో వచ్చిన ఆరు కోర్ల రైజెన్ 5 5600 వంటివి అమరుతాయి. బోర్డు, ర్యామ్ పాతవే ఉంచుకోవచ్చు. పాత ప్రాసెసర్ తీయకముందే బయాస్ పని పూర్తిచేయాలి. ఆ సమయంలో కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోయే ప్రమాదం ఉన్నందున యూపీఎస్ లేకుండా ఈ పనికి పూనుకోరాదు.

ఇంటెల్ ఏడో తరం యంత్రాలున్నవారి పరిస్థితి భిన్నం. ఎనిమిదో తరం ప్రాసెసర్ సాకెట్ చూడటానికి ఒకేలా ఉన్నా పాత బోర్డు దానిని అంగీకరించదు. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్‌కు సంబంధించి ప్రధానంగా ఎనిమిదో తరం, ఆ తరువాతివే ఉన్నాయి. అందువల్ల ఇటువంటి పాత యంత్రానికి విడిగా ఒక భాగం మార్చడం కంటే డబ్బు కూడబెట్టి బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ ఒకేసారి మార్చుకోవడం మేలు. పదో తరం ఐ3-10100 ఉన్నవారు మాత్రం అదే బోర్డుపై ఆరు కోర్ల ఐ5-10400 వేసుకునే వీలుంది. బోర్డు తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో ఆ నమూనా ఏయే ప్రాసెసర్లను అంగీకరిస్తుందో చూసుకున్న తరువాతే డబ్బు కట్టాలి.

అసలు ఖర్చు లెక్క..
ప్రాసెసర్ ధర ఒక్కటే చూసి బయలుదేరితే దుకాణంలో బిల్లు పెరుగుతుంది. 2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎం5 బోర్డులు డీడీఆర్5 ర్యామ్‌నే స్వీకరిస్తాయి. ఇంట్లోని డీడీఆర్4 దానికి పనికిరాదు. కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీతో 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఎక్కువ కోర్ల ప్రాసెసర్‌కు కూలర్, ఒక్కోసారి ఎస్ఎంపీఎస్ కూడా మార్చవలసి రావచ్చు. వీటన్నిటిపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మొత్తం ఎంతవుతుందో కాగితంపై రాసుకుని, అదే సొమ్ముతో మెరుగైన గ్రాఫిక్స్ కార్డు వస్తుందేమో పోల్చుకోవాలి.

ఎవరికి అవసరం..?
ఆటను ఆడుతూనే యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేసేవారు, పెళ్లి వీడియోల ఎడిటింగ్‌తో ఆదాయం పొందుతున్నవారు, బ్లెండర్‌లో త్రీడీ బొమ్మలు రూపొందించేవారు, పెద్ద ప్రోగ్రాములను కంపైల్ చేసే ఇంజినీరింగ్ విద్యార్థులు ఎనిమిది, అంతకు మించిన కోర్లను పూర్తిగా వినియోగించుకోగలరు. రెండు గంటలు పట్టే వీడియో గంటన్నరలో పూర్తయితే ఆ పెట్టుబడి తిరిగి వస్తుంది. కేవలం ఆటల కోసమే అయితే ఆరు వేగవంతమైన కోర్లు నేటి అవసరాలను చాలావరకు తీరుస్తాయి. మైన్‌క్రాఫ్ట్ వంటి ఆటల్లో కోర్ల సంఖ్య కంటే ఒక్కో కోర్ వేగమే ముఖ్యం.

కొడుకు అడిగింది కాదనలేక తండ్రి డబ్బు ఇచ్చినా, ఆ తరువాతా బొమ్మ ఆగుతూనే ఉంటే ఇద్దరికీ బాధే. తండ్రీకొడుకులు కలిసి ఒక సాయంత్రం రిజల్యూషన్ తగ్గించి చూడటం, టాస్క్ మేనేజర్ గ్రాఫులు పరిశీలించడం, ఫ్యాను దుమ్ము దులపడం పెద్ద పనేమీ కాదు. తూకం వద్ద జాప్యం జరుగుతుంటే కాటా సంగతి చూడాలి గానీ కూలీలను పెంచి లాభం లేదన్న విషయం మిరప పండించే వారికి ఒకరు చెప్పనక్కర్లేదు. కంప్యూటర్ విషయంలోనూ అదే లెక్క.